మా అత్తయ్య కళ్లకు పెట్టిన పరీక్ష

మా అత్తయ్య బసవమ్మకు అరికాళ్లలో చక్రాలున్నాయని జంపనిలో అందరూ అంటారు. పెద్ద కూతురు రేపల్లెలో, చిన్న కూతురు బాపట్లలో, తమ్ముడు తెనాలిలో. ఈ ముగ్గురిళ్ల మధ్య ఆవిడ తిరిగినంతగా టికెట్ కలెక్టర్లు కూడా తిరిగి ఉండరు. చేతిసంచిలో ఒక చీర, నిమ్మకాయ పచ్చడి సీసా, మాత్రల డబ్బా పెట్టుకుని బయల్దేరేది. ఎక్కడికని అడిగితే "ఇట్టా వెళ్లి అట్టా వస్తా" అనేది. ఆ ఇట్టాకీ అట్టాకీ మధ్య వారం గడిచేది. మామయ్య పోయాక ఆవిణ్ని నిలబెట్టింది ఆ తిరుగుడే. నాకప్పుడప్పుడూ విసుగొచ్చిన మాట నిజం. ఆ వారం రోజులూ వంటింట్లో నాదే రాజ్యమన్న మాట కూడా నిజమే.

ఆ మధ్య ఒకసారి తమ్ముడింటి నుంచి రేపల్లె వెళ్లాల్సిన మనిషి తెనాలి స్టేషన్లో గుంటూరు బండి ఎక్కేసింది. ఇదేంటని అడిగితే, "మా పెత్తల్లి కూతుర్ని చూడబుద్ధయింది, అందుకే వెళ్లా" అని బుకాయించింది. ఆ పెత్తల్లి కూతురు కాపురం గుంటూరు నుంచి హైదరాబాదుకి మార్చి అప్పటికే చాలా కాలమైంది.

మా ఆయన కిరీటి ఆ మాట నమ్మలేదు. "ఇక ఒక్కదానివే గడప దాటొద్దమ్మా" అన్నాడు. డాక్టరుకి చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. ఈ వయసులో కళ్లమీద కత్తి పెట్టించడమేంటని ఆవిడ మొండికేస్తే, నేనే వెంటపడి ఒప్పించాను. తెనాలిలో ఒక కన్ను, కొన్నాళ్లాగి రెండోది చేయించాం. అంతా బాగానే జరిగింది. కాకపోతే ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఎప్పుడైనా కళ్లముందు పొగ కమ్మినట్టుంటే వెంటనే తీసుకురండి" అన్నాడు. ఆ మాట మా అత్తయ్య చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేదో!

చూపు నిలబడిందని తేలితే మళ్లీ ఒంటరిగా తిరగొచ్చు, లేదంటే ఇంటిపట్టునే ఉండాలి. ఇదీ కిరీటి పెట్టిన షరతు. ఆ పరీక్షకి బాపట్ల ప్రయాణం కలిసొచ్చింది. మనవరాలు ఉషశ్రీ, అంటే మా చిన్న ఆడపడుచు కూతురు, తాను తీసిన ఫోటోలతో అక్కడ ప్రదర్శన పెట్టింది. పరీక్ష రాసేది అత్తయ్య, మార్కులు వేసేది నేను.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని, బండి ఆగకముందే స్టేషన్ల పేర్లు పైకి చదివింది. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల. చదివిన ప్రతిసారీ నావైపు ఓ చూపు చూసింది. "సరే అత్తయ్యా, రాసుకున్నాను" అన్నాను.

బాపట్లలో ఒక కళ్యాణమండపం పైహాలును గ్యాలరీగా మార్చారు. ఒక్కో ఫోటోకీ ఒక్కో లైటు. నాట్లేసిన చేలో ఒంటికాలిమీద కొంగ, తాటాకు చివర జారబోతున్న వానచుక్క, మడచెట్ల వేళ్ల సందున ఎండ్రకాయ, సూర్యలంక ఇసుకలో అల వెనక్కి పోతూ వదిలిన గీతలు. ఫోటోలంటే పెళ్లి ఆల్బమ్‌లే అనుకునే నాక్కూడా ఆ ఇసుక గీతల ముందు కాళ్లు ఆగిపోయాయి. రోజూ కాళ్లకింద ఇంత అందం తొక్కుకుంటూ పోతున్నామా అనిపించింది.

మా అత్తయ్య సంబరం చెప్పనలవి కాదు. "ఎండ్రకాయ కళ్లు కూడా కనపడతన్నయ్యే బిందూ!" అంది. కొంగని చూసి, "దీన్ని నేనెరుగుదును, మన చేలోదే" అని కోతలు కోసింది. ఈ జోరు చూసి నాకు నిశ్చింత కలిగింది. ఆవిణ్ని వదిలేసి, మా ఆడపడుచుతో కబుర్లు చెప్పడానికి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

ఆ తర్వాత జరిగింది ఆవిడే చెప్పింది. చివరి గోడమీద దుప్పటంత ఫోటో ఒకటుంది. దాని ముందు నిలబడితే ఏమీ కనపడలేదట. అంతా బూడిదరంగు పొగ. కుడికన్ను మూసి చూసింది, పొగే. ఎడమకన్ను మూసి చూసింది, పొగే. పక్కనే ఎవరో పెద్దమనిషి, "ఆహా, ఎంత ప్రశాంతత!" అంటున్నాడు. ఆయన భార్య, "పాపం, ఆ పడవెంత ఒంటరిగా ఉందో" అంటోంది. మా అత్తయ్యకు పడవ లేదు, ప్రశాంతత అంతకన్నా లేదు. డాక్టరు మాట గుర్తొచ్చి కంగారుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. దాంతో పక్కనున్న మనుషులు కూడా మసకబారారు.

నేను తిరిగొచ్చేసరికి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"లైట్లేమన్నా తీసేశారా?" అనడిగింది.

"లేదే!"

"అయితే మా కిరీటి అన్నదే నిజం. ఇక నేనెక్కడికీ రాను. ఇంటికి తీసుకెళ్లు."

"పొగ కమ్మిందా అత్తయ్యా?"

తలూపింది. ఆపరేషన్ ఆపరేషన్ అని వెంటపడింది నేనే కదా! అంతకు మించిన భయం ఇంకోటి. ఈ మనిషిని ఇంట్లో కూర్చోబెడితే బతుకుతుందా? ఆటో పిలుద్దామని కదిలాను.

అప్పుడు చివరి గోడ దగ్గర హాలదిరేలా ఒక గొంతు లేచింది. "ఏంటి పాపా ఇది? మా పడవనిట్టా చేశావేంటి? అంతా మసకే! నీళ్లేవి? పడవేది?"

ఆ గొంతు సముద్రం దగ్గరి పల్లె అడవులదీవి నుంచి వచ్చిన వెంకటసుబ్బులుది. ఉషశ్రీ చాలా ఫోటోలు వాళ్ల పడవలో తిరుగుతూనే తీసింది. ఆ చనువుతో ప్రదర్శనకి పిలిచింది.

ఉషశ్రీ నవ్వింది. "కావాలనే అలా తీశాను పిన్నీ. తెల్లారుజామున మంచులో కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచితే, నీళ్లూ మంచూ కలిసిపోయి అలా వస్తాయి."

మా అత్తయ్య కుర్చీలోంచి లేచిన వేగానికి నేను బిత్తరపోయాను. నేరుగా వెంకటసుబ్బులు దగ్గరికెళ్లి, "ఏమ్మా, నీక్కూడా మసకేనా?" అంది.

"నా కళ్లకేంటండి, బంగారంలాంటియ్యండి. ఫోటోనే అట్టా ఉందండి."

మా అత్తయ్య ఆమె రెండు చేతులూ పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది.

"ఎవర్నన్నా ఓ మాట అడిగితే ఏం పోయిందత్తయ్యా?"

"అందరూ ఆహా ఓహో అంటంటే, నాకొక్కదానికే కనపడలేదనుకున్నా."

కళ్లు తుడుచుకుని మళ్లీ ఆ ఫోటో ముందుకెళ్లింది. ఈసారి తీరిగ్గా చూసింది. నేనూ చూశాను. కాసేపటికి పొగలోంచి పడవ అంచు, గెడకర్రతో పడవ నెడుతున్న మనిషి వంగిన వీపు మెల్లగా తేలాయి. నిజంగానే బాగుంది.

"బాగా తీశావే ఉషా," అంది అత్తయ్య. "ఆపరేషన్‌కి ముందు నాకు లోకమంతా ఇట్టాగే ఉండేది. ఇంకాస్త పసుపు కలిపితే అచ్చం అదే."

నేను ఫోటో వంక చూశాను, ఆవిడ వంక చూశాను. ఈ పొగలోనేనా ఈ మనిషి పట్టాలు దాటింది? ఈ పొగలోనేనా కదలబోతున్న బండ్లు ఎక్కింది?

"ఇంత ఉంటే మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తిరగనిస్తారా?"



ఆవిడ అప్పటికే వెంకటసుబ్బులు వైపు తిరిగింది. "ఇంతకీ మీ పడవ రంగేంటమ్మా?"

"నీలవండి. అంచుకి ఎర్రగీత. ఈమధ్యనే రంగేయించామండి. రాండి, చూద్దురుగాని. రాత్రికి మా ఇంట్లోనే భోజనం."

మర్యాదకి అన్న మాటే అయ్యుంటుంది. కానీ ఆ మాట మా అత్తయ్యతో అనకూడదు. సంచి భుజాన తగిలించుకుని, "ఇట్టా వెళ్లి అట్టా వస్తా బిందూ, నువ్వింటికెళ్లు" అంది. ఆపడానికి నోరు తెరిచాను. ఆ ఫోటో ఎదురుగా కనిపించింది. నోరు మూసుకున్నాను.

వాళ్లిద్దరూ ఎక్కిన బస్సు వెళ్లిపోయాక కిరీటికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అడవులదీవా? నువ్వు లేకుండా ఎట్టా పంపావు?" అని అరిచాడు.

"నేను పంపడమేంటి? ఆవిడే వెళ్లింది."

తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకి కనపడతందా?" అన్నాడు.

"మనిద్దరికన్నా బాగా కనపడుతోంది" అన్నాను.

అవతల ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఏంటని అడిగితే, జలుబన్నాడు.