అయిదు వందల్లో పైజాతి పొట్టేలు

మా సత్తిరాజు పొట్టేలు పాము కరిచి చచ్చిపోవడం వల్ల నేను ఒక్క రోజులో రాజమండ్రి, కాకినాడ, కోరుకొండ తిరిగి వచ్చాను. ఇది ఎనభై రెండు నాటి మాట. అప్పుడు నాకు పెనుగొండ బజారులో కిరాణా కొట్టు, సత్తిరాజుకి ఊరి చివర ఎకరన్నర చేను, ఇరవై నాలుగు గొర్రెలు ఉండేవి. ఇద్దరం చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. తొలకరిలోపు మందలోకి మరో పొట్టేలు రాకపోతే ఆ ఏడాదికి పిల్లలుండవు. పిల్లలు లేకపోతే మంద అమ్మేసి, బావమరిది రైసుమిల్లులో గుమాస్తాగా చేరతానని వాడు భార్యకి అప్పటికే మాటిచ్చేశాడు. ఆ బావమరిది చుట్టాలకు కాఫీ ఇచ్చి గ్లాసు ఖాళీ అయ్యేదాకా మొహంలోకి చూస్తూ కూర్చునే మనిషి. వాడి దగ్గర సత్తిరాజు చేతులు కట్టుకుని నిలబడటం నాకు ఊహించుకోవడానికే బాధగా ఉండేది.

నాటు పొట్టేలు పక్క ఊళ్ళోనే దొరికేది. కానీ పైజాతి పొట్టేలుకి పుట్టిన పిల్లలు తొందరగా ఎదుగుతాయని వాడు రేడియోలో విన్నాడు. ఇక నాటుది వాడి కంటికి ఆనలేదు. చేతిలో ఉన్నది అయిదు వందలు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మూడు చిరునామాలు సంపాదించాడు. రాజమండ్రిలో మైసూరు వైపు నుంచి వచ్చిన బన్నూరు పొట్టేలు, కాకినాడలో ఊటీ నుంచి తెచ్చిన ఉన్ని పొట్టేలు, కోరుకొండ దగ్గర నెల్లూరు పొట్టేలు. మూడింటిలో ఏదో తేల్చుకుని సాయంత్రానికి ఇంటికి తోలుకురావాలి. బేరానికి నన్ను రమ్మన్నాడు. చింతపండు, మిరపకాయల బేరంలో నాకు మంచి పేరే ఉంది. మేం వైశ్యులం, మాంసం ముట్టం. పొట్టేలంటే నాకు తెలిసింది కొమ్ములుంటాయనే. నాకు ఇంకో లోపం కూడా ఉంది. ఎవరింట్లోనైనా తిన్నానంటే ఆ ఇంటివాళ్ళతో బేరమాడటానికి నోరు రాదు. మన జిల్లాల్లో గుమ్మం ఎక్కినవాణ్ణి తినకుండా ఎవరు పంపుతారు? అందుకని ముందుజాగ్రత్తగా అమ్మ చేత పులిహోర పొట్లం కట్టించుకున్నాను.

తెల్లవారుజామున అయిదింటి బస్సు పట్టుకుని తణుకు, కొవ్వూరు మీదుగా వంతెన దాటి ఎనిమిదింటికి రాజమండ్రిలో దిగాం. మనిషికి ఆరు రూపాయలు. బన్నూరు పొట్టేలు అమ్మే వ్యాపారి మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. దాంతో నేను ఉత్సాహంగా విజృంభించాను. పొట్టేలు కురచగా ఉందన్నాను, మెడ లావన్నాను, నడక బాగోలేదన్నాను. ముప్పావు గంటలో తొమ్మిది వందల సరుకుని ఏడు వందల యాభైకి దించాను. వ్యాపారి సత్తిరాజుని పక్కకి పిలిచి, "ఈ జాతే కురచగా ఉంటుందండి. ఆయనకా సంగతి తెలీదాండి?" అని అడిగాడు. ఎలాగూ మా స్తోమతకి అందని ధరే కాబట్టి నమస్కారం పెట్టి కాకినాడ బస్సెక్కాం.

కాకినాడకి రెండు గంటల ప్రయాణం, ఏడు రూపాయలు. కుడివైపు కిటికీ దొరికితే ఎండ తగులుతుంది, ఎడమవైపు కూర్చోండి. ఉన్ని పొట్టేలు ఒక రిటైరైన ఆఫీసరు గారిది. అది వరండాలో, టేబుల్ ఫ్యాను ముందు, గోనెపట్టా మీద పడుకుని ఉంది. ఒళ్ళంతా దుప్పటి మందాన ఉన్ని. చూడటానికి ఎంతో హుందాగా ఉంది. ధర నాలుగు వందలే అన్నారు. నేను పులిహోర పొట్లం బయటికి తీసేలోపే ఆఫీసరు గారి భార్య పెసరట్లు, ఉప్మా తెచ్చి ముందు పెట్టారు. అల్లం పచ్చడి వాసన తగిలాక నాకింకేమీ గుర్తులేదు. మూడు పెసరట్లు తిన్నాను. రెండో కాఫీ తాగుతుండగా కరెంటు పోయింది. పొట్టేలు లేచి నిలబడి, నాలుక బయటపెట్టి రొప్పుతూ ఆఫీసరు గారి వైపు చూసి అరవడం మొదలుపెట్టింది. ఆయన కంగారుగా విసనకర్ర అందుకున్నారు.

సత్తిరాజు కాసేపు చూసి, "ఫ్యాను కూడా దాంతోపాటే ఇస్తారాండి?" అన్నాడు.

"అది మా అమ్మాయిదండి. కాపరానికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తుంది," అన్నారాయన విసురుతూనే.

సత్తిరాజు మందకి ఆకాశమే కప్పు. అక్కడ ఫ్యాను ఎక్కడ తగిలిస్తాం? వద్దని చెప్పాల్సింది నేను. కానీ మూడు పెసరట్లు తిన్న నోటితో ఆ మాట ఎలా చెప్పను? "ఆలోచించుకుని మళ్ళీ వస్తామండి" అన్నాను. ఆవిడ దారిలో తినమని కాజాల పొట్లం కూడా ఇచ్చారు. వీధి మలుపు తిరిగేదాకా సత్తిరాజు విసవిసా నాకంటే ముందు నడిచాడు. తిరిగాక, "ఒరే శేషగిరీ, కోరుకొండలో మంచినీళ్ళు కూడా ముట్టుకున్నావంటే నిన్నక్కడే వదిలేసి వస్తాను," అన్నాడు. నేను ఒట్టేశాను.

మళ్ళీ రాజమండ్రి వచ్చి కోరుకొండ బస్సు మారేసరికి మూడు దాటింది. నరసింహస్వామి కొండకి కింద నుంచే దణ్ణం పెట్టుకుని, మైలున్నర నడిచి గంగరాజు గారి పాక చేరాం. ఆయన వయసు అరవై దాటింది. మోకాళ్ళు అరిగి మంద వెంట తిరగలేక ఒక్కొక్కటే అమ్మేసుకుంటున్నాడు. చివరికి ఈ పొట్టేలు మిగిలింది. ఎత్తయిన మనిషి నడుము దాకా వచ్చే తెల్లటి పొట్టేలు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. దీన్ని నెల్లూరు జోడిపి అంటారట. దాన్ని చూడగానే సత్తిరాజు మొహం మారిపోయింది. బేరానికి వెళ్ళినవాడు అలాంటి మొహం పెట్టకూడదని వాడికి ఎన్నిసార్లు చెప్పినా వినడు.

"ముందు భోంచెయ్యండి బాబూ," అంది గంగరాజు గారి భార్య నూకాలమ్మ.

"వద్దండి, తినే వచ్చాం," అన్నాను.

ఆవిడ నా మెడలో జంధ్యం చూసి ఇంకోలా అర్థం చేసుకుంది. "మా గిన్నెల్లో తినరేమోనని కదండీ? ఉండండి, కొత్త కుండుంది." నేను కాదు కాదంటున్నా వినకుండా, అటక మీద నుంచి కొత్త కుండ దింపి, పెరట్లో పొయ్యి అలికి, తడిబట్ట కట్టుకుని ఎసరు పెట్టింది. ఒక ముసలావిడ నాకోసం అంత చేస్తుంటే తిననని కూర్చోవడం నా వల్ల కాలేదు. ముద్దపప్పు, గోంగూర, వెన్న తియ్యని గడ్డపెరుగు. సత్తిరాజు నా వైపు చూడకుండా తిన్నాడు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

మేం చేతులు కడుక్కున్నాక గంగరాజు గారు ఆరు వందల యాభై చెప్పాడు. అది విని నేను గొంతు సవరించుకున్నాను. "న్యాయమైన ధరేనండి," అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. సత్తిరాజు తల పట్టుకున్నాడు. బావమరిది మిల్లు వాడి కళ్ళ ముందు కనబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

గంగరాజు గారు అదేమీ పట్టించుకోకుండా, "కొయ్యడానికాండి, మందకాండి?" అని అడిగాడు.

"మందకేనండి," అన్నాడు సత్తిరాజు.

"అందరూ అదే చెప్తారండి. మొన్న దీని అన్నని పట్టుకెళ్ళినాయనా అలాగే చెప్పాడు. ఆదివారం కోరుకొండ కొట్లో వేలాడుతుంటే చూశాను." అని నా వైపు తిరిగాడు. "శెట్టిగారూ, తమరు మాంసం తినరు కదండి. ఈయన దీన్ని కొయ్యడని తమరు చెప్పండి. చాలు నాకు."

నేను ఇరుకున పడ్డాను. సత్తిరాజు ఆదివారం మాంసం లేనిదే కంచం ముందు కూర్చోడు. "ఏరా, ఎప్పటికీ కొయ్యనని మాటివ్వు," అన్నాను.

వాడు పొట్టేలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ముసలిదైపోయాక కూడానా?" అన్నాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. గంగరాజు గారు మాత్రం నవ్వాడు. "అబద్ధమాడే మనిషైతే ఈపాటికి ఒట్టేసేసేవాడండి," అన్నాడు భార్యతో. ముసలిదయ్యాక దాని పూచీ నాదని నేనే మాటిచ్చాను. ఆ మాట మీద ఆయన మా దగ్గరున్నదెంతో అడిగి, నాలుగు వందల యాభైకే పలుపు తెచ్చి సత్తిరాజు చేతిలో పెట్టాడు. నూకాలమ్మ దాని నుదురు ఒకసారి నిమిరి పెరట్లోకి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

రోడ్డెక్కాక పాలకొల్లు వెళ్ళే ఖాళీ లారీ దొరికింది. డ్రైవరు పది రూపాయలు అడిగాడు. "పొట్టేలుకి కూడానా?" అంటే, "దానికి వద్దండి, అది వెనకాల నిలబడుద్ది. మీరిద్దరూ ముందు కూర్చుంటారు కదండి," అన్నాడు. ఎనిమిదిన్నరకి పెనుగొండలో దిగాం.

మార్గశిరంలో సత్తిరాజు మందలో పంతొమ్మిది పిల్లలు పుట్టాయి. వాడు ఆ తర్వాత రైసుమిల్లుకి వడ్లు ఆడించుకోవడానికే వెళ్ళాడు. ఆరేళ్ళకి పొట్టేలు ముసలిదైంది. ఒకరోజు పొద్దున్నే దాన్ని తీసుకొచ్చి మా కొట్టు వెనక కట్టేసి, "నీ మాట, నువ్వే చూసుకో," అని వెళ్ళిపోయాడు. కందిపొట్టు తింటూ మా ఇంట్లో మూడేళ్ళు బతికింది. వైశ్యుల పెరట్లో పొట్టేలేంటని బజారంతా నవ్వింది, నవ్వనీ అనుకున్నాను. పెరట్లో కాలు పెట్టనివ్వనని మొదట్లో గొడవ చేసిన మా అమ్మ, అది పోయిన రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. నా జీవితంలో ఎన్నో బేరాలు చేశాను, చాలా వాటిలో గెలిచాను. ఇప్పుడు వాటిలో ఒక్కటీ సరిగ్గా గుర్తురాదు. మీరూ పైజాతి పొట్టేలు కోసం అటు వెళ్ళదలిస్తే నాదొక్కటే సలహా: మాంసం తినని స్నేహితుణ్ణి ఒకణ్ణి వెంట తీసుకెళ్ళండి, వాడి పెరట్లో చోటుందో లేదో ముందే చూసుకోండి.