టెన్షనర్ పిన్ను లాగింది నేనే

నేను పరధ్యానంగా కూర్చుంటే ఎవడినో ప్రేమించానని మా ఇంట్లో అనుమానం. బుద్ధి కుదురుతుందని బ్యాంకు కోచింగ్‌లో చేర్చారు. నిజానికి నేను వినేది నాన్న కారు ఇంజిన్‌ని. పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమనేది.

ఈ రోజు హథ్‌ఖోజ్‌లో కార్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్ దాన్ని విప్పి చూస్తే, టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అరిగిపోయింది. కొత్తది బిగించాక, దాన్ని అణచి ఉంచే పిన్ను నన్నే లాగనిచ్చారు. వదులుగా వేలాడుతున్న చైన్ ఒళ్లు విరుచుకుని నిద్ర లేచినట్టు బిగిసింది. స్టార్ట్ చేస్తే ఇంజిన్ మెత్తగా ఊపిరి తీసింది. సాయంత్రమైనా నా చెవుల్లో అదే.

"ఏటే, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు? ఎవుడే ఆడు?" అంది అమ్మ.

"కారు చైనమ్మా. బిగిసింది."

"కారు బాగైతే ఎవులైనా ఇలా నవ్వుతారేటే, పాగల్!"

ప్రేమంటే నమ్మేవాళ్లు ఇంజినంటే ఎందుకు నమ్మరో మీరే చెప్పండి.

సోమవారం నుంచి కోచింగ్ మానేసి షెడ్డులో పని నేర్చుకుంటాను.