పారేసేముందు డాక్టర్ కోవల్‌కి చూపించండి

డాక్టర్ ఓలెస్యా కోవల్ చూడందే మా విన్నిపెగ్ ఆసుపత్రిలో ఏదీ చెత్తబుట్టలో పడదు. ఆవిడ థైరాయిడ్ సర్జను, నేను పక్కన మత్తిచ్చే డాక్టర్ని. అరటితొక్క పారెయ్యబోయినా "ఆగు, ఓసారి చూడనీ" అని చెయ్యి చాస్తుంది.

స్టాఫంతా ఇళ్ల నుంచి తెచ్చుకున్న పెరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, తిని లేచాక, ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని చెత్తసంచీ ముందు చతికిలబడుతుంది. ఓసారి మా పెద్ద డాక్టరుగారి కట్టుడుపళ్లు దొరికాయి. అవి పోయిన సంగతి ఆయనకే తెలీదు.

ఆపరేషన్లోనూ అదే వరస. థైరాయిడ్ వెనక బియ్యపుగింజలంత గ్రంథులు నాలుగుంటాయి. ఒంట్లో కాల్షియం వాటి అదుపులోనే ఉంటుంది. కొవ్వులో కలిసిపోయి ఓ పట్టాన కంటికి ఆనవు. గదిలో దీపాలార్పి, కంటికి కనపడని కాంతితో పనిచేసే కెమెరా పెడితే మాత్రం తెరమీద వాటంతటవే మెరుస్తాయి. ఈవిడ మెడలో చూసి ఊరుకోదు. కోసి తీసిన ముక్కని కూడా ల్యాబుకి పంపేముందు చీకట్లో తిప్పితిప్పి చూస్తుంది.

"కట్టుడుపళ్లేమైనా ఉన్నాయా డాక్టర్?" అనేది పరికరాలందించే నర్సు మార్లిస్.

ఆ మార్లిస్‌కే థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. గ్రంథులు పోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయని, జన్మంతా కాల్షియం బిళ్లలు మింగాలని ఆమె బెంగ. ఆ వేళ్లతోనే కదా ఆమె ఉద్యోగం.

ఆపరేషన్ రోజున రెండు గ్రంథులకి క్యాన్సర్ అంటుకుని ఉంది, తియ్యక తప్పలేదు. మూడోది రక్తం అందక నల్లబడింది. నాలుగోది మెడలో ఎక్కడా లేదు. "ముక్క పంపకండి, దీపాలార్పండి" అంది డాక్టర్. తీసేసిన ముక్క అంచున గ్రంథి మిలమిలలాడుతూ కనిపించింది. దాన్ని సన్నగా తరిగి, మళ్లీ బతికి పనిచేసేలా మెడ కండరంలో నాటింది. హమ్మయ్య అని పైకే అనేశాను.

కొన్ని వారాలకి బిళ్లలు మానేసినా మార్లిస్ వేళ్లు తిమ్మిరెక్కలేదు. ఆ సంతోషంలో నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికొచ్చింది.

"ఇన్నాళ్లూ మిమ్మల్ని ఏడిపించాను. ఇక నోరెత్తను."

డాక్టర్ కంగారుపడింది. "నా కొంప ముంచకు. రేపు ఆపరేషన్ చేయించుకునే మనిషి బయటున్నాడు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు, భయంతో వణికిపోతున్నాడు. వెళ్లి నా చెత్త కథలు చెప్పు. ఎంత వెటకారంగా చెబితే అంత మంచిది."

"పేషెంట్లకి అవి చెబుతారా మీరు?"

"ఇన్నేళ్లూ నేనే చెబుతున్నాను. నన్ను చూసి నవ్వుకుంటే భయం కాస్త తగ్గుతుంది. నీ అంత బాగా నాకు రాదు."

మార్లిస్ బయటికెళ్లి అతని పక్కన కూర్చుంది. కాసేపటికి అతను పగలబడి నవ్వడం మూసిన తలుపులోంచి వినిపించింది.

"ఇక పిలువు," అంది డాక్టర్ కోవల్. "ఇప్పుడు నేను చెప్పేది అతని చెవికెక్కుతుంది."