తిరగేసే బాబాయ్ కాలేజీ బేరం

వీధి మొత్తానికీ ఆయన బాబాయే. పాత ఫర్నిచర్ కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే కొట్టు ఆయనది. ఏ వస్తువు అమ్మకానికి వచ్చినా దాన్ని తలకిందులు చేయనిదే బేరం మొదలుపెట్టడు. కుర్చీని తిరగేసి కాళ్ల అతుకులు చూస్తాడు. బల్ల కిందికి దూరి, వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వింటాడు. సొరుగు లాగి వాసన చూస్తాడు. ఇదంతా అయ్యేసరికి అమ్మడానికి వచ్చినవాడికి ఓపిక నశించి, ఎంతో కొంతకి ఇచ్చేసి పోతాడు. అందుకే ఆయనకి తిరగేసే బాబాయ్ అని పేరు పడిపోయింది. ఒకసారి చుట్టాలింటికి భోజనానికి వెళ్లి, వాళ్లు కూర్చోమన్న సోఫాని కూడా ఎత్తి చూశాడని ఆయన భార్య ఇప్పటికీ తల బాదుకుంటుంది. ఆయనకి మాత్రం అందులో తప్పేముందో ఈరోజుకీ అర్థం కాలేదు.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు. పన్నెండో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. చదివితే కెమిస్ట్రీయే చదువుతానని భీష్మించుకు కూర్చుంది. ఊళ్లో పెద్ద రోడ్డు మీద అద్దాల కాలేజీ ఒకటుంది గానీ, దాని ఫీజు వినగానే బాబాయ్‌కి కళ్లు తిరిగాయి. ఆ మాట మళ్లీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వాళ్ల తాహతుకి అందేవి రెండే మిగిలాయి. ఒకటి పార్కు పక్కన, ఒకటి బస్ డిపో వెనక. ఫీజులు ఇంచుమించు ఒకటే. సామాన్లు మోసే ఆటో మార్చడానికని కూడబెట్టిన డబ్బు చేతిలో ఉంది. అది ఒక్కసారికే సరిపోతుంది. ఒకచోట కట్టేశాక, బాగాలేదని ఇంకోచోటికి మారే దారి లేదు. తీసుకెళ్లి పనికిమాలిన కాలేజీలో పడేస్తే పిల్ల చదువు మట్టిలో కలిసినట్టే. ఆ బెంగతో ఆయనకి అన్నం సయించడం మానేసింది.

"నా కళ్లతో చూడకుండా నేనేదీ కొననమ్మలూ," అన్నాడు కూతురితో.

"కాలేజీని కూడా తిరగేస్తావా ఏంటి నాన్నా?"

"తిరగెయ్యలేం కాబట్టే దగ్గరికెళ్లి చూడాలి."

కుషన్ గలీబులు కుడుతున్న భార్య మిషన్ ఆపింది. "వెళ్లిరండి. ప్రిన్సిపాల్ గారి కుర్చీ జోలికి మాత్రం పోకండి, మీకు పుణ్యముంటుంది," అంది.

క్లాసులయ్యాక వస్తే తీరిగ్గా చూపిస్తానని పార్కు పక్క కాలేజీ గుమాస్తా చెప్పడంతో తండ్రీకూతుళ్లు సాయంత్రం వెళ్లారు. గుమాస్తా ఒక క్లాసు గది తలుపు తీయగానే బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అన్నీ టేకు బల్లలు. బారుగా, ఒకే ఎత్తున, నున్నగా మెరుస్తున్నాయి. ఆయన ఇంకేం ఆగుతాడు, చొక్కా నలుగుతుందని కూడా చూడకుండా ఒకదాని కిందికి దూరాడు. ఒక్క అతుకు కదల్లేదు. ఒక్క గీత పడలేదు. ఏ పిల్లవాడూ కంపాసు ముల్లుతో తన పేరు చెక్కలేదు. బయటికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. ఇలాంటి బల్లలు చేయించినవాళ్లు చదువులో మాత్రం లోటు చేస్తారా అని ఆయన లెక్క. మనసు పారేసుకున్నాక లెక్కలు ఇలాగే ఉంటాయి మరి.

ల్యాబ్ కూడా చూపించమంది అమ్మాయి. అల్మరాల నిండా సీసాలు, మెడల దాకా నిండుగా, ఎక్కడివక్కడ పొందిగ్గా ఉన్నాయి. ఆమె ఒక సీసా తీసి మూత దగ్గర పరీక్షగా చూసి, మళ్లీ అక్కడే పెట్టేసింది.

"ఇవాళ కట్టేస్తే సీటు ఖాయం," అన్నాడు గుమాస్తా.

బాబాయ్ చెయ్యి అప్పుడే జేబులోకి వెళ్లిపోయింది. కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుంది. "రెండోది కూడా చూద్దాం నాన్నా."

ఇంటికొచ్చేదాకా ఆయన సణుగుతూనే ఉన్నాడు. బంగారంలాంటి బల్లల్ని కాదని వచ్చేశామని, రేపటికి సీటు ఉంటుందో లేదోనని, ఈ కాలం పిల్లలకి మంచి సరుకు తెలీదని.

మర్నాడు సాయంత్రం డిపో వెనక కాలేజీకి వెళ్లారు. మొదటి గదిలోనే ఒక బల్ల మీద చెయ్యి ఆన్చాడు. అది ఇటు ఊగి అటు ఊగింది. ఇంకోదానికి కాలు కింద ఇటుక. పై పలకలు చూస్తే నిండా సిరా మరకలు, పేర్లు, గీతలు, ఎవరో తిట్టుకున్న తిట్లు. బాబాయ్ ఆన్చిన చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇలాంటిది కొట్టుకి తెస్తే మెట్టు కూడా ఎక్కనివ్వను," అన్నాడు.

క్లాసులు అయిపోయినా ల్యాబ్‌లో దీపాలు వెలుగుతున్నాయి. లోపల పిల్లలు గుంపులుగా నిలబడి ఏవో కలుపుతున్నారు, వడగడుతున్నారు, వాదించుకుంటున్నారు. బాబాయ్ అలవాటు చొప్పున బల్ల అంచు తడమబోయాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారిన ఒక సీనియర్ అమ్మాయి గట్టిగా అరిచింది.

"అక్కడ చెయ్యి పెట్టకండి అంకుల్! యాసిడ్ పడింది!"

ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కూతురు మాత్రం అప్పటికే ఆ కళ్లద్దాల పిల్ల పక్కన చేరిపోయింది. ఇద్దరూ ఎప్పటినుంచో ఎరిగున్నట్టు కబుర్లలో పడ్డారు. నాన్న ఎన్నిసార్లు దగ్గినా ఆమెకి వినపడలేదు.

బస్టాపులో ఆయన తీర్పు చెప్పేశాడు. "పార్కు పక్కదే. ఇక మాట్లాడకు."

"నాన్నా, మన కొట్టుకి ఒక్క గీత కూడా లేని డైనింగ్ టేబుల్ వచ్చిందనుకో. కొనేవాళ్లకి నువ్వేం చెప్తావ్?"

"ఏముంది! ఆ ఇంట్లో ఎవరూ దీని మీద కూర్చుని తిన్న పాపాన పోలేదు, కొత్తదే అనుకోండి అంటాను."

"మరి నిన్నటి బల్లల మీద కూడా ఎవరూ కూర్చోలేదు కదా? ఆ సీసాలకి సీలు కూడా తియ్యలేదు. నేను చూశాను."

పిల్ల చెప్పింది నిజమేనని బాబాయ్‌కి లోపల తెలుస్తూనే ఉంది. ఒప్పేసుకుంటే ఏం పోయింది? ఊహూ, మనిషి మొండి. "నాకే నేర్పుతావా!" అని ఒంటికాలి మీద లేచి, బస్సులో ఆమెకి దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

పొద్దున్నే లేచి, జిగురు తెస్తానని ఇంట్లో చెప్పి, ఎవరికీ తెలియకుండా పార్కు పక్క కాలేజీకి వెళ్లాడు. ఈసారి క్లాసులు జరగాల్సిన వేళకే వెళ్లాడు. మొదటి గది ఖాళీ. పక్క గదిలో ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. ఆ పక్క గదిలో మేష్టారొక్కడే కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిద్రపోతున్నాడు.

"పిల్లలేరీ బాబూ?" అని గుమాస్తాని అడిగాడు.

"పరీక్షలప్పుడు వస్తారు లెండి," అన్నాడు గుమాస్తా, అదో మామూలు విషయంలా.

బాబాయ్ అప్రయత్నంగా జేబు తడుముకున్నాడు. పిల్ల మోచెయ్యి పట్టుకుని ఆపకపోతే డబ్బు వీళ్ల చేతిలో పోసి ఉండేవాడు. చురుకైన పిల్లని తీసుకొచ్చి ఈ ఖాళీ గదిలో, ఈ నున్నటి బల్ల ముందు, తన చేతులతో తనే కూర్చోబెట్టి ఉండేవాడు. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చీ రాగానే, "పదమ్మలూ, డిపో వెనక కాలేజీకి," అన్నాడు.

"బల్లలు ఊగుతాయి కదా నాన్నా?"

"ఊగితే ఊగనీ. నేను అమ్ముకునేవాడిలా చూశాను. నువ్వు చదువుకునేదానిలా చూశావు. తప్పు నాదే."

పెళ్లయినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట వినని భార్య తుళ్లిపడి, సూది వేలికి గుచ్చుకుని "అబ్బా!" అంది. ఆ పూటే ఫీజు కట్టేశారు. ఆటో ఇంకొన్నాళ్లు దగ్గుతూ మూలుగుతూ తిరుగుతుందిలే అనుకున్నాడు. మధ్యాహ్నం రెండోసారి అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు.

క్లాసులు మొదలైన కొన్నాళ్లకి ఒకరోజు సాయంత్రం అమ్మాయి ఇంటికి రావడం ఆలస్యమైంది. భార్య గుమ్మానికీ వీధికీ తిరుగుతుంటే చూడలేక బాబాయ్ కాలేజీకి బయల్దేరాడు. అక్కడ వాచ్‌మన్ గేటు ఒక రెక్క మూసి, రెండోది పట్టుకుని నిలబడి ఉన్నాడు. ల్యాబ్‌లో ఇంకా దీపం వెలుగుతోంది. బాబాయ్ కిటికీలోంచి తొంగిచూశాడు. నలుగురు పిల్లలు ఒక బల్ల చుట్టూ మూగి, ఊపిరి బిగబట్టి, ఒక గాజు గొట్టంకేసి చూస్తున్నారు. ఆ గొట్టం పట్టుకున్నది తన కూతురే. జుట్టు రేగిపోయింది. బుగ్గ మీద ఏదో మరక. తల తిప్పి చూసి, కిటికీలో నాన్న కనపడగానే చిరాగ్గా మొహం పెట్టింది.

"అబ్బ, ఇప్పుడు కాదు నాన్నా! నువ్వెళ్లు!"

కసిరి కొట్టిందన్న బాధ ఆయనకి ఇసుమంతైనా కలగలేదు. కడుపు నిండిపోయింది. ఇంట్లో కంగారు పడొద్దని భార్యకి ఫోన్ చేసి చెప్పి, గేటు దగ్గరికి వచ్చాడు.

"పిలవమంటారా అయ్యగారూ? మూసే వేళయింది," అన్నాడు వాచ్‌మన్.

"వద్దు బాబూ, కాసేపు ఉండనీ," అన్నాడు బాబాయ్. "మా అమ్మాయికి లోపల పనుంది."