చింతగింజల డబ్బా

అమ్ముకున్నది ఆయన కాదు మామా. నిన్న సూర్యాపేట మార్కెట్ల పదిమంది ముందట నువ్వన్నవ్: "కుదువ పెట్టినోళ్ల పేర్లు అమ్ముకున్నోడు సచ్చిండు. వాని పాడె మొయ్యనీకి కోదాడ దాంక పోయినవా, సిగ్గు లేదా?" దానికి జవాబు ఇయ్యాల రాస్తున్న. మామకే కాదు, సదివేటోళ్లందరికి.

మా బ్యాంకుల పనిచేసిన పెద్ద గుమాస్తా, మా సారు, మొన్న సోమవారం కోదాడల వాళ్ల అక్క ఇంట్ల కాలం చేసిండు.

సారు బల్ల కింద ఒక రేకు డబ్బా ఉండేది. దాని నిండ చింతగింజలు. నగలు మూటకట్టుకొని వచ్చిన మనిషి వట్టి బట్ట పట్టుకొని బయటికి పోతే, కుదువ పెట్టిండని బజారంత ఎరుకైతది. అందుకే సారు నగలు తీసుకొని, ఆ బట్టల గింజలు పోసి ముడేసి ఇస్తుండె. "మూట ఎట్ల వచ్చిందో గట్లనే పోవాలె" అనేటోడు. ఒకసారి ఒక ముసలామె, "గింజలకు గూడ మిత్తి కట్టాల్నా సారూ?" అన్నది. ఆయన నవ్వకుంట, "తిరిగి తెస్తె మాఫీ" అన్నడు.

నాది నగల సంచులకు లక్క ముద్రలేసే పని. సంచి మీద పేరుండదు, నంబరే. పేరు, గడువు ఒక్క బుక్కులనే ఉంటయ్. దానికి తాళం. సారుకు కండ్లు మసకలొచ్చినయ్. నాలుగో తరగతిల బడి ఇడిసిపెట్టిన నన్ను పక్కన కూసోబెట్టుకొని, ఆ బుక్కు మెల్లగ సదువుమనేటోడు. "ఇది వాళ్ల ఇంటి లోపలి అర్ర. చెప్పులిడిసి పోవాలె" అనేటోడు.

నేను చెప్పులతోనే పోయిన. మిర్యాలగూడ వడ్ల వ్యాపారి ఒకడు సైకిలిప్పిస్తనన్నడు. ఎవరి గడువు ఎప్పుడో చెప్తె చాలన్నడు. చెప్పిన.

నేరేడుచర్ల రైతు ఒకాయన పెండ్లాం బంగారు గుండ్లు పెట్టి ఎడ్లు కొన్నడు. గడువుకు రెండు దినాల ముందు ఆ వ్యాపారి కళ్లం కాడికి పోయి సగం ధరకు వడ్లడిగిండు. "ఎల్లుండి దాటితె గుండ్లు పోతయ్ గద" అన్నడట. రైతుకు గుండ్లు దక్కినయ్, ఏడాది తిండి పోయింది. బ్యాంకుకొచ్చి సారు ముందట నిలవడ్డడు.

"నాకు, నా ఇంటామెకు, నీకు తప్ప ఎరుక లేని ముచ్చట. వానికెట్ల తెలిసింది సారూ?"

సారు నా దిక్కు సూసిండు. నేను లక్క కరగబెడ్తున్న.

మేనేజర్ సారును పిలిచి అడిగిండు. "బుక్కు సదివేదెవరు?"

"నేనే."

"నీకు కండ్లు కనవడయ్ గద?"

"కనవడ్తయ్."

గా మాటతోని ఆయన నౌకరి ఖతం. నేను నోరు తెరవలే.

కొన్నాళ్లకు ఆ సైకిల్ మీదనే కోదాడల సారు కాడికి పోయిన. "నా పేరెందుకు చెప్పలే సారూ?" అంటే, "బుక్కు నీ చేతుల పెట్టింది నేను" అన్నడు. మల్ల అన్నడు: "నేరేడుచర్లకు పోయి గా రైతుకు చెప్పు. నా కోసం కాదు. ఎవర్ని నమ్మొద్దో గాయనకు తెల్వాలె."

పోతనన్న. మునగాల దాటంగనే, రేపు పోదం అనుకున్న. గా రేపు ఎనిమిది నెలలైంది.

సోమవారం పాడె లేపేముందు వాళ్లక్క నన్ను అడిగింది. "ఆఖర్న కూడా ఎవరి పేరూ ఎత్తలేదు బాబూ. ఇంతకీ నువ్వెవరివి?" ఆయన కాడ పని నేర్చుకున్నోణ్ని అని చెప్పిన. ఆమె నాకు తాగనీకి నీళ్లిచ్చింది.

ఇదే రాసిన కాయితం ఒకటి మేనేజర్ బల్ల మీద పెట్టిన. సైకిల్ బ్యాంకు ముందట ఇడిసిపెట్టిన. ఇంకో కాయితం నేరేడుచర్ల రైతు కాడికి తీస్కపోతున్న. నిన్న బ్యాంకుల ఒకామె నగలు పెట్టి, వట్టి బట్ట మడుచుకుంట బజార్లకు పోయింది. డబ్బా అట్లనే ఉన్నది, గింజలు అట్లనే ఉన్నయ్. ఎవ్వరు పొయ్యలే. నేను గూడ పొయ్యలే.

బస్సొచ్చింది. పోవాలె.