తమ్ముడు రాసిపెట్టిన చీటీలు

సైకిల్ షాపు మీద మూడు ఇరుకు గదులు. వాటిలో సర్దుకుని కూర్చుని పనిచేసే నలభై మంది ఆడవాళ్లు, ఒకే ఒక్క మగవాడు. బ్యాంకుల్లో ఎవరూ కుర్చీ చూపించని ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులిచ్చే సంఘం అది. పెట్టిందీ ఆడవాళ్లే, నడిపేదీ ఆడవాళ్లే. టైపు చేసే మనిషి కావాలంటే ఇరవై రెండేళ్ల కిందట అతను వచ్చాడు.

ప్రెసిడెంటు కళ్లజోడు మీదుగా చూసి, "ఆడవాళ్లు పని చెబితే నామోషీగా ఉండదూ?" అని అడిగింది.

"ఇంట్లో అమ్మా, ముగ్గురు అక్కలూ ఉన్నారండీ. నాకు పని చెప్పని ఆడవాళ్లు ఇంతవరకూ తారసపడలేదు."

గది గదంతా ఘొల్లున నవ్వింది. ఆ పూటే ఉద్యోగం ఇచ్చారు. ప్రెసిడెంటు అందరికీ అక్క, అతను అందరికీ తమ్ముడు. అతనికన్నా పదేళ్లు చిన్నవాళ్లు కూడా తమ్ముడూ అనే పిలిచేవాళ్లు. "ఏమోయ్, ఇవాళ ఎంతమంది చివాట్లు పెట్టారు?" అని టీ కొట్టు దగ్గర మగవాళ్లు ఆటపట్టిస్తే, "ఇంకా సాయంత్రం కాలేదుగా!" అని టీ ఊదుకుంటూ నవ్వేసేవాడు.

అక్కకు పిల్లాపాపా లేరు. కానీ వేలమంది సభ్యుల్లో ఎవరు ఎదురుపడ్డా పేరుపెట్టి పలకరించేది. ఎవరి కొడుక్కి జ్వరం వచ్చింది, ఎవరి మొగుడు అలిగి ఎక్కడ కూర్చున్నాడు, అన్నీ ఆవిడ నాలుక చివర ఉండేవి. అలాంటి మనిషి ఒకరోజు మిషను కుట్టే ఆవిడ గదిలోకి వస్తుంటే తమ్ముడి వైపు వంగి, "ఎవరీవిడ?" అంది.

తమాషా అనుకుని అతను అక్క ముఖంలోకి చూశాడు. తమాషా కాదు. సంఘం మొదలుపెట్టిన నాడు చాప మీద అక్క పక్కన కూర్చున్న పదిమందిలో ఆ కుట్టుమిషనావిడ ఒకత్తె.

ఆమె వెళ్లిపోయాక అక్క అతని చెయ్యి పట్టుకుంది. "ఈమధ్య ఇలాగే అవుతోందిరా. ఎవరికీ చెప్పకు. ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. ఇది లేకపోతే నేనేమైపోవాలి?"

"చెప్పనక్కా," అన్నాడు. అంతకన్నా ఏమీ ఆలోచించలేదు.

అప్పటినుంచి చీటీలు మొదలయ్యాయి. మనిషి మెట్లెక్కుతుండగానే గుర్తుపట్టి, నాలుగు ముక్కలు రాసి అక్క బల్ల మీద పెట్టేవాడు. 'చేపలమ్మే ఆవిడ. పెద్దకొడుకు కాలు విరిగింది, ఎలా ఉన్నాడో అడగండి.' అక్క అడిగేది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ, ఇన్నేళ్లయినా అక్క మారలేదనుకుంటూ మెట్లు దిగేవాళ్లు. పదకొండు నెలలు అలా గుట్టుగా గడిచిపోయాయి. వైద్యం సంగతి ఎత్తితే అక్క కసిరేది. అతను మళ్లీ ఎత్తేవాడు కాదు.

ఆ తర్వాత భార్యకు కంటి ఆపరేషనని అతను రెండురోజులు సెలవు పెట్టాడు. సరిగ్గా మొదటిరోజే కుట్టుమిషనావిడ వచ్చింది. రెండు కొత్త మిషన్లకు కమిటీ ఎప్పుడో ఒప్పుకుంది. అక్క సంతకమొక్కటే మిగిలింది. ఆ వారంలోగా మిషన్లు వేసి పని మొదలుపెట్టకపోతే, అద్దె బాకీపడ్డ ఆమె కొట్టు ఖాళీ చెయ్యమని యజమాని గడువు పెట్టాడు. అక్క ముందు చీటీ లేదు. ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు.

"కమిటీ కాదంది. వెళ్లమ్మా, ఊరికే వచ్చి ప్రాణం తియ్యకు," అని కసిరింది.

ఆమె ఇంకెవరినీ అడగలేదు. అక్కే కాదన్నాక ఇంకెవరిని అడుగుతుంది?

సెలవు ముగించుకుని వచ్చిన తమ్ముడికి సొరుగులో సంతకం లేని కాగితం కనిపించింది. కుట్టుమిషనావిడ వచ్చి వెళ్లిందని విన్నాక జరిగింది ఊహించుకున్నాడు. పరుగెత్తి వెళ్లి చెప్పాలి, చెబితే అక్క సంగతి బయటపడుతుంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అని మూడురోజులు నాన్చాడు. నాలుగోరోజు వెళ్లేసరికి కొట్టు మీద బోర్డు లేదు. లోపల ఎవరో గోడలకు సున్నం వేస్తున్నారు.

ఆ సాయంత్రం కమిటీ ముందు నిలబడి అంతా చెప్పేశాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. పోలేదు. వైస్ ప్రెసిడెంటు మాత్రం, "అక్కకి నువ్వొక్కడివే అనుకున్నావా? మేమెవరం మరి? వంతులేసుకుని పక్కన కూర్చునేవాళ్లం కదా!" అంది. పక్కనున్నావిడ ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి అతని కుర్చీ పాత కాగితాల గదిలోకి మారింది. ఎవరూ మాట తూలలేదు. గారూ, మీరూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ మర్యాద అతను భరించలేకపోయాడు.

మిషన్లు ఇస్తామని సంఘం కబురు పెడితే, "కొట్టే లేదు, మిషన్లెక్కడ పెట్టుకోను? ఇంకెవరికైనా ఇవ్వండి," అందట కుట్టుమిషనావిడ. బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే కూలికి కుదిరింది. అన్నం బెల్లు కొట్టే వేళకు అతను ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు.

ఆమె కోప్పడలేదు. "పిచ్చిది అక్క! నాతో ఒక్కమాట అంటే అన్నం కలిపి పెట్టేదాన్ని కదయ్యా." టిఫిన్ డబ్బా మూత తీస్తూ అడిగింది. "ఆ మధ్య నా కూతురి కాన్పు సంగతి అడిగింది. ఇంత పనిలోనూ నా బిడ్డ గుర్తుందని వారంరోజులు అందరికీ చెప్పుకున్నాను. అదీ నువ్వు రాసిచ్చిందేనా తమ్ముడూ?"

అబద్ధమాడాలని నోటిదాకా వచ్చింది. "అవును," అన్నాడు.

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

అక్క ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది. సంఘం ఆడవాళ్లు రోజుకొకరు చొప్పున వచ్చి తల దువ్వి, కబుర్లు చెప్పి వెళ్తారు. ఆదివారాలు అతను వెళ్తాడు. కిందటి వారం అక్క అతన్ని ఎగాదిగా చూసి, "మగవాళ్లకు అప్పివ్వం నాయనా. మీ ఇంట్లో ఆడవాళ్లెవరినైనా పంపించు," అని ఓపిగ్గా చెప్పింది.

"అలాగేనండీ," అన్నాడు. కూర్చోమని ఆవిడ అనలేదు. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు.