ఒకే పళ్లెంలో కలిపిన మాత్రలు

వేళ్లు వాచి, వంకర తిరిగి, అమ్మ నా జడ అల్లడం మానేసింది. నేను కాలేజీలో చదువుతున్న ఆ ఏడాదే రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్లకు దగ్గరలోని ఓ ఆసుపత్రిలో కీళ్లవాతానికి కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసింది. పాత మందు మానకుండా, దానికి తోడుగా రోజుకో మాత్ర వేసుకోవాలి. కొందరికి అసలు మాత్ర ఇస్తారు, కొందరికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరిది ఏదో డాక్టరుగారికీ తెలియదు. అమ్మతోపాటు పక్కింటి దీదీ కూడా పేరు రాయించుకుంది. ఆవిడదీ అదే జబ్బు.

దీదీ వాళ్లది రాయపూర్ దగ్గరి తిల్దా, మాది శ్రీకాకుళం. ఏళ్ల తరబడి మా గోడ మీదుగా గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. తీజా పండక్కి ఆవిడ శనగపిండితో వండిన ఠేఠ్రీలు పంపితే అదే గిన్నెలో అమ్మ పులిహోర పంపేది. ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఇద్దరికీ చేతకాదు.

రెండో నెలలో ఒక పొద్దున చూద్దును కదా, ఇద్దరూ వరండాలో కూచుని రెండు సీసాల మాత్రలూ ఒకే పళ్లెంలో పోసి కలుపుతున్నారు. చెరిసగం మళ్లీ సీసాల్లో నింపుకుంటున్నారు. మొదటి నెల నుంచీ ఇదే పనట. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏటే అలా చూస్తావు? ఎవుల్ది అసల్దో ఎవుల్కి తెలుసు? నాకొక్కదానికే ఆరామ్ వస్తే దీదీ మొహం ఎలా చూసీది?” అంది అమ్మ.

మర్నాడే వెళ్లి డాక్టరుగారికి చెప్పేశాను. ఈ ఫలితాలు చూసి రేపు ఎందరికో మందు రాస్తారు, అందులో అబద్ధం కలవకూడదనుకున్నాను. ఆయన కోప్పడలేదు. సీసాలు వెనక్కి తీసుకుని ఇద్దరినీ పరీక్షలోంచి తప్పించారు. అమ్మకు మళ్లీ పాత మందొక్కటే దిక్కయింది. చెప్పింది నేనేనని తెలిసినా అమ్మ రోజూలాగే నాకు అన్నం పెట్టింది. తిట్టినా బాగుండేది.

పరీక్ష పూర్తయ్యాక డాక్టరుగారు నన్ను పిలిచి చెప్పారు. అమ్మ సీసాలోదే అసలు మందట, దీదీది ఉత్తదట. దారంతా ఏడుస్తూనే వచ్చాను. ఇంట్లో అడుగు పెడుతూనే ఆ సంగతి చెప్పి, “నీ మాత్రలు నువ్వే వేసుకుని ఉంటే ఈపాటికి నీ చెయ్యి బాగుపడేదేమో” అని అరిచాను.

అమ్మ తన వేళ్లకేసి కాసేపు చూసుకుంది.

“అయితే దీదీకి సగమైనా అందింది గదా,” అంది. తర్వాత గోడ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. “ఈ మాట ఆవిడతో అనీకు. నా మందు తినీసినానని కుమిలిపోద్ది.”